పెదగుమ్మడిలో జ్వరం ప్రారంభోత్సవం

ఆ ఏడాది మలేరియా జూన్ పదిహేనో తారీఖు ఉదయం తొమ్మిది గంటలకు మొదలవుతుందని జిల్లా కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చింది. అక్టోబరు పదిహేను సాయంత్రం ఐదు గంటలకు ముగుస్తుంది. మధ్యలో వచ్చే రెండో శనివారాల సంగతి మాత్రం అందులో రాయలేదు.

పెదగుమ్మడి ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్ పైడిరాజు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, అప్పన్న స్వామి క్యాలెండరు పక్కన అంటించాడు. ఇరవై రెండేళ్లుగా అతను అదే బల్ల ముందు, అదే మైక్రోస్కోపులో కన్నుపెట్టి కొండల మీది మనుషుల రక్తం చూస్తున్నాడు. ఇన్నేళ్లలో జ్వరం ఎప్పుడొస్తే అప్పుడే వచ్చింది. ఇప్పుడు దానికి కూడా ఆఫీసు వేళలు పెట్టారంటే మంచిదే అనుకున్నాడు. క్రమశిక్షణ ఎవరికైనా అవసరమే కదా.

సర్క్యులర్ వెనక పెద్ద చదువే ఉంది. పట్నంలో ఒక సంస్థవాళ్లు ఐదేళ్ల జ్వరాలను కంప్యూటర్లో పోసి, కలిపి, భాగించి, సగటు తీశారు. ఆ సగటు ప్రకారం మలేరియా రావలసిన రోజు జూన్ పదిహేను. దానికోసం ‘ఋతుదర్శిని’ అని ఒక యాప్ తయారుచేశారు. రోగి పేరు అందులో ఎక్కించాలి. ఎక్కిస్తే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు చూపిస్తేనే ఫార్మసిస్టు కామేశ్వరి గారు బీరువా తాళం తీసి మాత్రల పట్టీ ఇస్తారు. వెనకటికి కాగితం మీద రాసిచ్చేవారు. కాగితం మీదైతే తప్పులు జరుగుతాయని, తప్పులకు తావులేకుండా యాప్ పెట్టారు.

ఇంత ఏర్పాటు చేసినవాళ్లు వానకు మాత్రం కాపీ పంపలేదు. ఏప్రిల్ మూడో వారంలోనే కొండల మీద కుండపోత మొదలైంది. వాగులు పారాయి, గుంటలు నిండాయి, దోమలు పుట్టాయి. దోమలకు చదువు రాదు.

మే నెల పన్నెండున, తేనెమామిడి నుంచి ఆశా కార్యకర్త బుద్రి తొమ్మిది కిలోమీటర్లు నడిచి వచ్చింది. తేనెమామిడి అంటే నలభై గడపల కొండ ఊరు. బుద్రికి నలభై ఏళ్లుంటాయి. భుజానికి సంచి, సంచిలో గుడ్డలో చుట్టిన రెండు రక్తపు గాజుపలకలు.

"ఎవరికమ్మా బుద్రీ?"

"మా ఊరి కోనమ్మకీ, ఆల మొగుడికీ బాబూ. దినం మారిసి దినం వొణికిపోతన్నారు. నాలుగు దుప్పట్లు కప్పినా ఆగట్లేదు."

పైడిరాజు పలకలకు రంగువేసి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి చూశాడు. ఎర్ర కణాల్లో సన్నటి ఉంగరాల్లా మలేరియా క్రిములు. పాత చుట్టాల్లాంటివి, ఎక్కడ కనబడినా గుర్తుపడతాడు. రిజిస్టర్లో ఎర్ర పెన్సిలుతో రాసి, ఫోను తీసి యాప్‌లో ఎక్కించబోయాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: ‘మీరు ఎంచుకున్న వ్యాధి ప్రస్తుతం అందుబాటులో లేదు. దయచేసి జూన్ 15 తర్వాత ప్రయత్నించండి.’

కామేశ్వరి గారు పక్క గదిలోంచి తలుపు దాకా వచ్చి నిలబడ్డారు. ఆవిడ మంచి మనిషి. శుక్రవారం ఆసుపత్రికి పులిహోర తెచ్చి అందరికీ పెడుతుంది. కానీ బీరువా తాళం విషయంలో సొంత అన్నయ్య వచ్చినా నంబరు అడుగుతుంది. పాత కేంద్రంలో ఒకసారి చీటీ లేకుండా రెండు పట్టీలిచ్చి, తొమ్మిది నెలలు సంజాయిషీలు రాసిందట.

"నంబరొచ్చిందా పైడిరాజు గారూ?"

"రాలేదండీ. వ్యాధి అందుబాటులో లేదట."

"మరి నేనేం చెయ్యనండీ. లేని వ్యాధికి మందెలా ఇస్తాను?"

బుద్రి ఇద్దరి మొహాలూ చూసింది. "జూన్ దాకా జొరాన్ని ఎక్కడ దాసుకోమంతారు బాబూ? అటక మీదెట్టమంతారా?"

ఆ కేంద్రానికి సొంత డాక్టరు లేడు. పక్క మండలం డాక్టరుగారు గురువారం గురువారం వచ్చి సంతకాలు పెట్టి వెళ్తారు. అడిగితే "యాప్‌లో పెట్టండి" అంటారు. నలభై మైళ్ల అవతల ఏరియా ఆసుపత్రి ఉంది. అక్కడా ఇదే యాప్. ఆ మాత్రలు ఆ చుట్టుపక్కల ప్రైవేటు దుకాణాల్లో దొరకవు.

బుద్రి సంచి అడుగున చెయ్యిపెట్టి తడిమింది. పోయిన ఏడాది మిగిలిన పట్టీలు నాలుగున్నాయి. సీజన్ అయిపోగానే వాటిని అప్పగించమన్నారు. ఆ రోజు జోరువాన పడి రాలేకపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు.

"ఇవి ఇయ్యొచ్చా బాబూ? తప్పైపోద్దేమో."

పైడిరాజు గోడ మీది అప్పన్న స్వామిని ఒకసారి చూసి, "ఇచ్చెయ్యమ్మా," అన్నాడు. "తప్పైతే నాది."

వారం తిరగకుండా మరో ముగ్గురు పడ్డారు.

శనివారం నాడు వీడియోలో సమీక్ష జరిగింది. జిల్లా కార్యక్రమ అధికారి విశ్వేశ్వరం గారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. నుదుట కుంకుమ, వెనక గోడ మీద ఋతుదర్శిని పటం. జిల్లా అంతా ఆకుపచ్చగా ఉంది. ఆకుపచ్చ అంటే మలేరియా లేదని అర్థం.

"చాలా సంతోషం," అన్నారాయన. "సీజన్ ఆరంభానికి పూర్వం జిల్లాలో సున్నా కేసులు నమోదయ్యాయి. ఇది సమష్టి కృషి ఫలితం. ఎవరైనా మాట్లాడతారా?"

పైడిరాజు చెయ్యెత్తాడు. "నమస్కారం సార్. పెదగుమ్మడి నుంచండి. మాకు ఐదు పాజిటివ్‌లు వచ్చాయండి."

తెర మీద చాలాసేపు ఎవరూ కదల్లేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాడు.

"పాజిటివ్ అని ఎలా నిర్ధారించారు?"

"చూశానండి సార్. మైక్రోస్కోపులో."

"చూడవచ్చునయ్యా. చూడటం వేరు, నమోదు కావడం వేరు. సీజన్ రాకుండా మలేరియా ఎలా వస్తుంది? మార్గదర్శకాలు చదివారా?"

"చదివానండి. వానలు ముందొచ్చాయి సార్."

"వానలు వాతావరణ శాఖ పరిధిలోనివి. మన శాఖకు సంబంధించినంత వరకు, జూన్ పదిహేనుకు ముందు వచ్చే జ్వరాన్ని ‘నిరీక్షణ జ్వరం’గా వర్గీకరించండి. రోగికి కౌన్సెలింగ్ ఇవ్వండి. దోమతెర, తడిగుడ్డ, మనోధైర్యం. జూన్ పదిహేను ఉదయం తొమ్మిదికి జ్వరం ఇంకా ఉంటే, అప్పుడు నమోదు చేయండి."

"అప్పటికి లేకపోతే సార్?"

"లేకపోతే సమస్యే లేదు కదా."

ఏ విధంగా లేకపోవచ్చో ఆయన ఆలోచించినట్టు లేదు. పైడిరాజు ఆలోచించాడు. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు.

సోమవారం నాటికి ‘నిరీక్షణ జ్వరాల జాబితా’ అనే నమూనా వచ్చింది. పేరు, వయసు, జ్వరం వచ్చిన తేదీ, జ్వరం రావలసిన తేదీ, రెంటి మధ్య తేడాకు రోగి ఇచ్చే కారణం. చివరి గడిలో ఏం రాయాలో బుద్రికి తెలియలేదు. కోనమ్మ మొగుణ్ణి అడిగితే, "తొందరపడిపోనాను, తప్పైపోనాది," అన్నాడట. అదే రాసింది. జిల్లా ఆఫీసు నుంచి దానికి అభ్యంతరం రాలేదు.

ఆ రోజుల్లో పైడిరాజు పొద్దున్నే దీపం వెలిగించి స్వామి ముందు కూర్చుంటే ఒకటే ఆలోచన వచ్చేది. సింహాద్రి అప్పన్న ఏడాదికొక్క రోజే నిజరూపం చూపిస్తాడు. మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజులూ చందనం కిందే ఉంటాడు. అంతమాత్రాన కొండ మీద స్వామి లేడని ఎవరైనా అంటారా? మరి జూన్ పదిహేను దాకా జ్వరం లేదని ఎలా అంటున్నారు? పెద్ద చదువులు చదివినవాళ్లు, తనకు తెలియని అంతరార్థం ఏదో ఉండే ఉంటుంది. ఏమిటది స్వామీ అని అడిగేవాడు. స్వామి ఆ విషయంలో నోరు విప్పలేదు.

మే ఇరవై మూడున బుద్రి మళ్లీ వచ్చింది. ఈసారి సంచిలో గాజుపలక ఒకటే.

"ఎవరిదమ్మా?"

"మా సెల్లి కూతురిది బాబూ. జానికిది."

జానికి పైడిరాజుకు తెలుసు. ఏడేళ్ల పిల్ల. పోయిన ఏడాది స్కూల్లో రక్తం తీసినప్పుడు, "సూది నీకు గుచ్చుకుంటే నువ్వు ఏడుత్తావా?" అని అతన్నే అడిగింది. పలక చూశాడు. ఉంగరాలు ఒకటీ రెండూ కాదు. కంసాలి దుకాణంలో పరిచినట్టున్నాయి. తల ఎత్తలేక కాసేపు అలాగే కన్ను ఆనించి కూర్చున్నాడు.

"నీ దగ్గర పట్టీలు..."

"అయిపోనాయి బాబూ. నాలుగూ నలుగురికి ఇచ్చీసినాను. అయిదో మనిసికే లేదు. మా బడి పంతులుగారి తల్లి, ఆవిడకి తడిగుడ్డే ఏస్తన్నాను. ఆరో మనిసి ఇంటి పిల్లే ఔద్దని నానేటి కలగన్నానా."

ఏడవలేదు. గాజుపలక చుట్టిన గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

పైడిరాజు కామేశ్వరి గారి గదికి వెళ్లాడు. ఆవిడ విని, కొంగుతో కళ్లు తుడుచుకుని, "నంబరండీ," అంది. "ఏదో ఒక నంబరు తెండి పైడిరాజు గారూ. మీకు దండం పెడతాను. కాగితంలో ‘నంబరు’ అని ఉంది. అది లేకుండా తాళం తీస్తే రేపు నా ఉద్యోగం, దాంతోపాటు బీరువా కూడా పోతాయి. కొత్తావిడ వస్తే మీకు ఈ పులిహోర కూడా ఉండదు."

మర్నాడు ఆదివారం. పైడిరాజు సూర్యనారాయణుడికి నీళ్లొదిలి, బుద్రితో కలిసి తేనెమామిడి ఎక్కాడు.

జానికి గుమ్మం పక్కన చాప మీద పడుకుని ఉంది. కళ్లు పచ్చగా, పెదాలు ఎండి. అతన్ని చూసి నవ్వబోయి ఆపేసింది. పక్కన కూర్చున్న ముసలాయన గాసిరాం, ఆ ఊరి దిశారి. అంటే ఊరి పండుగలకూ విత్తనాలకూ పెళ్లిళ్లకూ రోజు చూసి చెప్పేవాడు. పైడిరాజు సంగతంతా చెబితే, సగం దాకా విని గాసిరాం తలూపాడు.

"తెలిసింది బాబూ. మాకూ ఉన్నాది ఆ కట్టు. మామిడి కొత్త పండగ సేసీదాకా ఊర్లో ఎవులూ కొత్తకాయ కొరకరు. మీకు జొరం కొత్తన్నమాట. పండగ కాకుండా జొరపడకూడదు."

"అలాంటిదే అనుకో తాతా."

"మంచి కట్టే. అయితే ఈ యేడు మామిడి ముందు పండినాది. కోతులు తినీస్తన్నాయి, రాలిపోతన్నాది. నానేటి సేసినాను? మళ్లీ లెక్కెట్టి పదిదినాలు ముందుకి జరిపీసినాను. కాయ పండినాక పండగెయ్యాల గానీ, పండగ దాకా కాయని పండొద్దంటే ఇంటాదా?"

"మా ఆఫీసులో జరపరు తాతా."

"ఎందుకు జరపరు? మీకు దిశారి లేడేటి?"

లేకేం అనుకున్నాడు పైడిరాజు. దిశారి ఉన్నాడు. నుదుట కుంకుమ పెట్టుకుని, రాహుకాలం చూసుకుని వీడియో సమీక్ష మొదలుపెట్టేవాడు ఒకాయన ఉన్నాడు. కొత్త కుర్చీ వస్తే నవమి వెళ్లేదాకా అందులో కూర్చోలేదని జిల్లా అంతా చెప్పుకుంటారు.

"తాతా, జూన్ పదిహేను ఏ రోజో చూడగలవా?"

గాసిరాం వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పెదాలు కదిలాయి. చివరికి తల అడ్డంగా తిప్పాడు.

"అమాస. మరునాటినుంచి ఆషాడం. నెల్లాళ్లు మంచిదినం లేదు. ఎవులు బాబూ ఆ దినం ఎట్టినాడు? ఆడికి దిశారి లేడా?"

పైడిరాజు అప్పటికప్పుడు చాప పక్కనే కూర్చుని, సంచిలోంచి కాగితం తీసి రాశాడు. ‘మలేరియా సీజన్ ప్రారంభోత్సవమును తమ అమృత హస్తములతో పెదగుమ్మడి ఆరోగ్య కేంద్రమందు జరిపించవలసిందిగా ప్రార్థన. జూన్ 15 అమావాస్యయగుటచేతను, పిమ్మట ఆషాఢమగుటచేతను, శుభకార్యమునకు మే 27 బుధవారము, జ్యేష్ఠ శుద్ధ దశమి మిక్కిలి యోగ్యమని స్థానిక పెద్దలు నిర్ణయించినారు. ఆదివాసీ సంప్రదాయముతో స్వాగత ఏర్పాట్లు కలవు.’ కొండ అంచుకు వెళ్లి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి, ఫొటో తీసి పంపాడు.

మాత్రల పట్టీల కోసం అంతకుముందు పంపిన మూడు ఉత్తరాలకు పదిరోజులైనా జవాబు రాలేదు. దీనికి అరగంటలో ఫోను వచ్చింది.

"పైడిరాజూ, అమావాస్య అన్నమాట నిజమేనా?" అడిగారు విశ్వేశ్వరం గారు. "పంచాంగం చూస్తే అలాగే ఉంది. ఇంత ముఖ్యమైన విషయం పై నుంచి ఎవరూ చెప్పలేదే. అమావాస్య నాడు నా చేతుల మీదుగా మలేరియా ప్రారంభమైతే నా పరిస్థితి ఏమిటయ్యా?"

"అదే నా బాధ సార్."

"సీజన్ జరపడం నా పరిధిలో లేదు. ప్రారంభోత్సవం జరపడం నా పరిధిలోనిదే. బుధవారం ఖాయం చేయండి. రిబ్బను, జ్యోతి, ఫొటోలు. ఒక రోగి కూడా ఉంటే బాగుంటుంది. సిద్ధం చేయగలరా?"

"ఉందండి సార్," అన్నాడు పైడిరాజు. "బుధవారం దాకా ఉంటుందనే అనుకుంటున్నాను."

ఆ మూడు రోజులూ బుద్రి జానికి పక్కనుంచి లేవలేదు. తడిగుడ్డలు మార్చింది, చెంచాతో గంజినీళ్లు పోసింది. గాసిరాం తన పద్ధతిలో తాను కోడిపిల్లను జానికి తల చుట్టూ తిప్పి వేశాడు. పైడిరాజు ఇంట్లో అఖండ దీపం పెట్టాడు. భార్య ఎందుకని అడిగితే, "ఆఫీసు ఫంక్షను," అన్నాడు.

మంగళవారం నాడు జిల్లా నుంచి సూచనలు వచ్చాయి. రోగి ఉతికిన బట్టలు ధరించాలి. జ్వరం నూట ఒకటికి తగ్గకూడదు, నూట మూడుకు మించకూడదు. ఫొటోలో నవ్వగలిగి ఉండాలి.

బుధవారం పొద్దున తొమ్మిదిమంది మనుషులు వంతులవారీగా జానికిని డోలీలో మోసుకుని కొండ దిగారు. ఆసుపత్రి ముందు మామిడాకుల తోరణం. కామేశ్వరి గారి మందుల బీరువాకు అడ్డంగా ఎర్ర రిబ్బను. థింసా ఆడటానికి పదిమంది ఆడవాళ్లు రావలసి ఉండగా, నలుగురు ‘నిరీక్షణ’లో ఉండటం వల్ల ఆరుగురే వచ్చారు.

విశ్వేశ్వరం గారు జ్యోతి వెలిగించారు. "ఈ రోజు ఈ మారుమూల ప్రాంతంలో మలేరియాను ప్రారంభించడం నా అదృష్టంగా భావిస్తున్నాను," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఈ కార్యక్రమం దినదినాభివృద్ధి చెందాలని కోరుకుంటున్నాను." మళ్లీ చప్పట్లు కొట్టారు. జానికి బుద్రి ఒళ్లో వాలి, కళ్లు సగం మూసి ఉంది. దేనికో ఒక్కసారి వణికితే, కెమెరా అతను "పాప కదలకూడదండి" అన్నాడు.

తర్వాత మొదటి నమోదు. విశ్వేశ్వరం గారు స్వహస్తాలతో జానికి పేరు యాప్‌లో ఎక్కించారు. పైడిరాజు తెర వైపు వంగి చూశాడు. ‘వ్యాధి అందుబాటులో లేదు’ అనే మాట ఈసారి రాలేదు. నంబరు వచ్చింది: ‘శిక్షణ-1’.

"ఇదేమిటి సార్?"

"అదా. ప్రారంభోత్సవం కోసం రాష్ట్రం వాళ్లు శిక్షణ విభాగాన్ని తెరిచి ఉంచారు. అసలు విభాగం జూన్ పదిహేనునే కదా. ఇది ఉత్తుత్తి నమోదు. ఫొటోలో తేడా తెలియదులే."

అప్పటికే కత్తెర పళ్లెంలో వచ్చింది. విశ్వేశ్వరం గారు రిబ్బను కత్తిరించారు. కామేశ్వరి గారు తాళం తీసి, మాత్రల పట్టీ ఒకటి పళ్లెంలో పెట్టి అందించింది. ఆయన దాన్ని జానికి చేతిలో పెట్టి, కెమెరా వైపు తిరిగి, అలాగే నిలబడ్డారు. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, ఊరి పెద్దలతో ఒకటి.

"చాలు," అన్నారు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "ఆ పట్టీ ఇటివ్వమ్మా. మధ్యాహ్నం ఇంకో కేంద్రంలో ఫొటో ఉంది. ఫొటోల పద్దు కింద మంజూరైన పట్టీ ఇదొక్కటే."

బుద్రి ఇవ్వలేదు. గుమాస్తా వంగి చూశాడు. పట్టీలో మొదటి పూట మాత్రలు లేవు. బుద్రి పక్కన చిన్న ఇత్తడి గ్లాసులో బెల్లం నీళ్లు సగం ఉన్నాయి. జానికి మూతి చేదుగా పెట్టి, గుటక వేస్తూ ఉంది.

"అయ్యో, ఇదేమిటి? ఎప్పుడు?"

"ఊరి పెద్దలతో ఫొటో తీసినప్పుడు బాబూ," అంది బుద్రి. "మింగీసినాది. కావాలంటే ఫొటోలో సూసుకోండి."

అందరూ విశ్వేశ్వరం గారి వైపు చూశారు. ఆయన జానికి వైపు చూశారు. ఉత్తుత్తి నమోదుకు నిజం మాత్ర ఖర్చయిపోయింది. "ఇది చాలా క్లిష్టమైన పరిస్థితి," అన్నారు నెమ్మదిగా. "దీన్ని ఏ పద్దు కింద చూపించాలి?"

పైడిరాజు తన ఇరవై రెండేళ్ల సర్వీసులో నేర్చుకున్నదంతా కూడగట్టుకున్నాడు. "శిక్షణలో వినియోగం అని చూపించొచ్చండి సార్. నంబరు శిక్షణ-1 కదండి. శిక్షణ అన్నాక సామగ్రి వాడుక ఉంటుంది. సామగ్రి లేకుండా ఉత్త శిక్షణ ఇస్తే పైవాళ్లు ఊరుకుంటారా?"

విశ్వేశ్వరం గారి మొహం విప్పారింది. "ఊరుకోరు," అన్నారు. "ఎంతమాత్రం ఊరుకోరు. మిగతా పట్టీ కూడా ఆ పాప దగ్గరే ఉంచండి. శిక్షణ మధ్యలో ఆపితే అసంపూర్ణం అవుతుంది. ఆ మాటకొస్తే ఒక్కరికే శిక్షణ ఇస్తే బాగుండదయ్యా. లక్ష్యం పెట్టుకోండి. శిక్షణ విభాగం జూన్ పద్నాలుగు దాకా తెరిచే ఉంటుంది."

ఆయన కారు మలుపు తిరగ్గానే కామేశ్వరి గారు బీరువా తలుపు రెండు రెక్కలూ తీసిపెట్టింది. "నంబరంటే నంబరేనండీ," అంది. "ఏ నంబరని కాగితంలో రాయలేదు. పైగా పై అధికారి కత్తిరించిన రిబ్బను. మళ్లీ తాళం వేస్తే ఆయన్ని అవమానించినట్టే."

పంతులుగారి తల్లి శిక్షణ-2. ఆమె తర్వాత మూడు, నాలుగు, పద్నాలుగు. వానలు పెరిగాయి, జ్వరాలూ పెరిగాయి, శిక్షణ ముమ్మరమైంది. తేనెమామిడిలోనూ పక్క ఊళ్లలోనూ కలిపి జూన్ పద్నాలుగు నాటికి నలభై ఆరుమంది మూడేసి రోజులు శ్రద్ధగా శిక్షణ పొందారు. హాజరు నూటికి నూరు. మధ్యలో మానినవాళ్లు లేరు. జానికి నాలుగో రోజుకు లేచి కూర్చుంది. ఆరో రోజుకు గాసిరాం వేసిన కోడిపిల్ల ఏదని అడిగింది. దాన్ని కూర వండేశారని తెలిసి, జ్వరమంతా తనదైతే కూర వాళ్లెందుకు తిన్నారని పేచీ పెట్టింది.

జూన్ పదిహేను అమావాస్య. ఉదయం తొమ్మిది గంటలకు మలేరియా అధికారికంగా మొదలైంది. పైడిరాజు యాప్ తెరిచి కూర్చున్నాడు. అసలు విభాగం తెరుచుకుంది. పెట్టడానికి పేర్లు లేవు. అందరికీ నయమైపోయింది. వారం గడిచింది, పక్షం గడిచింది. సకాలంలో మందు పడటంతో దోమలకు కూడా ఎక్కించుకోవడానికి సరుకు తగ్గిపోయింది. మిగిలిన సీజనంతా కలిపి ఐదో ఆరో కేసులు.

దసరాల ముందు జిల్లా కేంద్రంలో సభ జరిగింది. పెదగుమ్మడి పరిధిలో సీజన్ మొదటి నెలలో సున్నా కేసులు నమోదుచేసినందుకు విశ్వేశ్వరం గారికి శాలువా కప్పారు. ఆయన తన ప్రసంగంలో క్యాలెండరు ఎంత ఖచ్చితంగా పనిచేసిందో వివరించారు. ఆ సున్నా వెనక ఉన్న నలభై ఆరు మాట ఎవరూ ఎత్తలేదు. అది వేరే విభాగం. పైడిరాజును కూడా పిలిచి, ‘ఉత్తమ శిక్షకుడు’ అని ఒక కాగితం చేతిలో పెట్టారు. అతను దాన్ని తెచ్చి స్వామి పటం కింద పెట్టాడు. అబద్ధమా నిజమా అని స్వామిని అడిగాడు కూడా. చందనం కింద ఏ రూపముందో చూసినవాడివి నువ్వే కదా అన్నట్టు స్వామి చూశాడు. లేదా దీపం కదిలి అలా అనిపించిందేమో.

పుష్యమాసంలో కొత్త సర్క్యులర్ వచ్చింది. పైడిరాజు దాన్ని చదివి, ఈసారి గోడకు అంటించలేదు. జేబులో పెట్టుకుని తేనెమామిడి ఎక్కాడు.

బుద్రి ఇంటి ముందు జానికి గవ్వలాడుతోంది. గాసిరాం గట్టు మీద ఎండ కాగుతున్నాడు. పైడిరాజు కాగితం తీసి చదివి వినిపించాడు. పోయిన ఏడాది జూన్‌లో మలేరియా లేనట్టు రుజువైనందున, ఈ ఏడాది సీజన్ జూలై ఒకటిన మొదలవుతుంది. పెదగుమ్మడి పరిధిలోని నలభై ఆరుమంది ఇప్పటికే శిక్షణ పొందినందున, వారికి మళ్లీ శిక్షణ అవసరం లేదు.

బుద్రి జానికి వైపు ఒకసారి చూసింది. "అంటే ఈ పిల్లకి జొరం నేర్పీసినారు. ఇంక రాదన్నమాట."

"కాగితం ప్రకారం రాదు."

గాసిరాం తల పైకెత్తి కొండ వాలు వైపు చూశాడు. మామిడిచెట్లు అప్పుడే పూతతో పసుపు పట్టినట్టున్నాయి. ఇంకా నెలరోజులకు గానీ రావలసిన పూత అది.

"ఈ యేడు కూడా ముందొచ్చీనాది," అన్నాడు.

పైడిరాజు సంచిలోంచి తెల్లకాగితం, పెన్నూ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తాతా, ఈసారి దేనికి ప్రారంభోత్సవం చేయిద్దాం?"

గాసిరాం వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.